రెండు ముడుల పెండ్లి

వైశాఖమాసపు ఎండ పడమటికి మరలినను వేడిమి మాత్రము నేలను విడువక పెన్నానది యిసుకతిన్నెలమీద పొగవలె వణకుచుండగా ఆ యేటియొడ్డున అద్దెకు తీసికొన్న పెంకుటింటి పంచలో వకుళ సానరాతిమీద అర్దళమును కొబ్బరినూనెతో తడిపి నూరుచుండెను. నాటకమాడువారి ముఖములకు పూయు ఆ పచ్చనిరంగు ఎంత మెత్తనైన అంత నిలుచునని ఎరిగినదగుటచే ఆమె తొందరపడక రాతిని వలయముగా త్రిప్పుచు వ్రేలికొనతో తాకి చూచుచు మరల త్రిప్పుచుండెను. గాలి లేదు. ఏటి ఆవలిగట్టున ఎచ్చటనో లేచిన ఎర్రదుమ్ము ముందునకు రాక వెనుకకు పోక ఆకాశమున వ్రేలాడుచుండెను. చూరునీడ చేరిన కాకులు నోళ్లు తెరచుకొని కూయుటకైనను ఓపిక లేక ఊరక చూచుచుండెను. అంతటి నిశ్శబ్దమును చీల్చుకొని లోపలిగదినుండి ఒక ఆడునవ్వు వినవచ్చెను. వకుళ చేతిలోని రాయి ఒక్క క్షణమాగెను.

ఆ నవ్వు ఆమె చెల్లెలు అలివేణిది. దానివెంటనే వినవచ్చిన మగగొంతు వకుళ భర్త చిదంబరరావుది. వారు దొంగచాటున నవ్వుచుండలేదు. తలుపులు బార్లా తెరచి నాటకము వల్లించుచుండిరి. అయినను ప్రహసనములోని ఆ పట్టున నవ్వవలసినవారు ప్రేక్షకులే గాని పాత్రధారిణి కాదని ఆ నాటకమునంతయు కంఠస్థము చేసిన వకుళ ఎరుగును.

వకుళ మెట్టినది ఒక ఊరిలో పునాదులు దిగిన యిల్లు కాదు. ఎద్దుబండ్లమీద తెరలును పెట్టెలును వేసికొని ఊరూర పందిళ్లు కట్టి నాటకములాడు వినోదమంజరీ సమాజమే ఆమె అత్తవారిల్లు. అందు వేషము వేయువారు తెర లాగువారు దీపములు వెలిగించువారు అందరును ఒక్క కుటుంబమువారే. మామగారైన భుజంగరావు నాటకములు కూర్చి నేర్పువాడు. అత్తగారైన తుళజమ్మ ముసలిపాత్రలు ధరించునది. వారి ఏకైకపుత్రుడు చిదంబరరావు కథానాయకుడు. తల్లిదండ్రులు గతించిన పిదప పసిదైన చెల్లెలిని చంకనెత్తుకొని ఆ యింట కాలుపెట్టిన వకుళ వానికి ఇంటను రంగమునను గూడ నాయిక. ఏలయన భార్యాభర్తలైనవారే రంగస్థలమున ప్రేయసీప్రియులుగా నిలువవలెనను కట్టుబాటు ఆ కుటుంబమున తరతరములుగా చెల్లుచుండెను. పరస్త్రీ చేయిపట్టి పలికిన ప్రేమవాక్యము పరిహాసమునకైనను గాలిలో కలిసిపోదని వారి నమ్మకము.

అట్టి వకుళకు రెండేండ్లక్రిందట విషజ్వరము సోకి ప్రాణము నిలిచినది గాని కంఠము పోయెను. పందిటి చివరివరకు తంబురవలె మ్రోగిన గొంతు వెదురుబొంగులో దూరిన గాలివలె మిగిలెను. నాటినుండి ఆమె తెరప్రక్కన నీడలో నిలిచి పాత్రధారులు మాట మరచినపుడు అందించునది అయ్యెను. ఆమె గుసగుస రంగమువరకే వినబడి ప్రేక్షకులకు వినబడకుండుటచేత ఆ పనికి ఆమెను మించినవారు లేరని అందరును మెచ్చుకొనిరి. ఆ మెప్పు విన్నపుడెల్ల వకుళ చిరునవ్వు నవ్వెడిది. ఆ నవ్వునకు అర్థమడిగినవారు లేరు.

నాయిక లేని సమాజమునకు భక్తినాటకములే గతియై జనము ఆవులించుట మొదలిడగా భుజంగరావు ఆ యేడు క్రొత్తగా ఒక హాస్యనాటకత్రయమును కూర్చెను. వరాన్వేషణము వరవిభ్రమము వరపలాయనము అను ఆ మూడును వరుసగా మూడు సాయంకాలములు ఆడవలసినవి. మన్మథరావను డాంబికుడొకడు మేనమామ యింటికి వచ్చి పెద్దమరదలికి మాటయిచ్చి చిన్నమరదలిని చూచి మాటమార్చి అత్తను మామను వంటవానిని గూడ బోల్తాకొట్టించి తుదకు పెండ్లిపీటలమీద పట్టుపడి బాసికముతోనే గోడదూకి పారిపోవుట అందలి కథ. పెద్దమరదలు లోపలిగదిలో అలిగి పడుకొనియుండి మూడు నాటకములందును ఒక్కమారైనను కనబడదు. చిన్నమరదలి మెడలో మన్మథరావు రెండవముడి వేసినంతనే ఆమె లోపలినుండి ఆగండని కేక వేయును. ఆ కేకతోనే పెండ్లి చెడి నవ్వులు చెలరేగును.

చిన్నమరదలి వేషమునకు అలివేణి తప్ప తగిన పడుచు ఆ కుటుంబమున లేదు. అందుచే మాసముక్రిందట ఒక యుదయమున భుజంగరావు కోడలిని పిలిచి ఎదుట కూర్చుండబెట్టుకొనెను.

"అమ్మా వకుళా, మన యింటి కట్టుబాటు నీకు తెలుసు. నువ్వు సరే అంటేనే ఈ వేషం అలివేణికి. వద్దంటావా, ఈ నాటకాలు మూడూ పెన్నలో కలిపేస్తా. మళ్లా ఎత్తను."

"పసిబిడ్డప్పుడు ఆయన భుజాల మీదెక్కి ఆడుకున్న పిల్లే కదా మామా. నాకేం అడ్డం లేదు" అని వకుళ తన చీలినగొంతుతో పలికెను.

వక్క కత్తిరించుచున్న తుళజమ్మ తలయెత్తెను. "నీకు అడ్డం లేకుంటే చాలునా? పసుపుతాడుకు రెండు ముళ్లే పడాల. మూడోది పడిందంటే ఇంక అది ఆట కాదు. మా అత్త కాలం నుంచి అంతే. ఏరా చిదంబరా, వింటాండావా?"

"వింటాండాను లేమ్మా. ఉన్న ఒక్క కాపురానికే పొద్దున పూట కాఫీ దిక్కు లేదు. ఇంకోటి ఎవరికి కావాల?"

అందరును నవ్విరి. వకుళయు నవ్వెను. అలివేణి మాత్రము నవ్వక తన చేతిగాజును ముందునకు వెనుకకు జరుపుచు నేలచూపులు చూచుచుండెను.

"ఆ కేక మాత్రం నీదే వకుళా" అని భుజంగరావు లేచుచు ననెను. "అలిగి పడుకున్నదాని గొంతు అట్లే ఉండాల. బొంగురుగా ఉంటే జనం ఇంకా నవ్వుతారు."

ఆ మాట దయతో అనబడినదో హాస్యముకొరకు అనబడినదో తేల్చుకొనలేక వకుళ తలయూపెను.

ఆనాటినుండి అలివేణి శిక్షణ మొదలయ్యెను. భుజంగరావు ఆ పిల్లకు అన్నిటికంటె ముందు నేర్పినది తన సమాజమందలి పాత్రధారులకెల్ల నేర్పు పాఠమే. రంగముమీద నిలిచినవాని చేయి ఊరకుండరాదు. ఎదుటివాని మాట రాకున్నను ప్రక్కనుండి అందకున్నను చేతిలోని పని ఆపక సాగించుచుండవలెను. ఆగిన చేతిని జనము పట్టుకొందురు. ఈ పాఠము చిదంబరరావునకు రక్తములో కలిసిపోయినది. తెరమీద మంట లేచిననాడు గూడ చేతిలోని గద త్రిప్పుచునే మాటాడిన ధీరుడతడు.

అలివేణి ఎవరును ఊహింపనంత వేగముగా నేర్చుకొనెను. వకుళ ఒకమారు చెప్పిన మాటను మరల చెప్పనక్కర లేకపోయెను. చెల్లెలు రాణించుట చూచి మొదట వకుళ మనసు నిండెను. పిమ్మట ఆమె కన్నులు తమంత తామే కొన్నిటిని చూడసాగెను. వల్లింపు ముగిసినను అలివేణి ఆ గదిని విడిచివచ్చుటకు ఆలస్యము చేయును. చిదంబరరావు త్రాగి పెట్టిన లోటాను తానే కడుగును. బావా అను పిలుపును రంగముమీద ఎట్లు పలుకునో ఇంటిలో గూడ అట్లే పలుకును. ఇవి యన్నియు చిన్నవి. ఒక్కొక్కటిగా చూచిన ఏమియు లేవు. చేర్చి చూచిన వకుళకు నిద్ర పట్టకుండెను.

భర్త ముఖమును చూచి తెలిసికొందమన్న ఆ ముఖము ఆమెకు చదువరాకుండెను. ఇన్నియేండ్లు రంగముమీద అతని ప్రేమవాక్యములకు ఎదుట నిలిచినది ఆమెయే. గోడకు గట్టిన తెరమీది చంద్రుని చూచుచు గూడ ఆ కన్నులు అట్లే తడియగలవని ఆమెకంటె ఎరిగినవారు లేరు. అతడు అలివేణివంక చూచు చూపు మన్మథరావుదా చిదంబరరావుదా అనునది ఒక్కటే ఆమెకు తెలియవలసియుండెను. ఆ ఒక్కదానిమీద ఆమె కాపురమును చెల్లెలిని కన్నతల్లివలె పెంచిన మమకారమును గూడ నిలిచియుండెను.

అర్దళము నూరుట ముగిసి ప్రొద్దు క్రుంకెను. మొదటి సాయంకాలపు ప్రదర్శనమునకు పందిరి నిండెను. పెట్రోమాక్సు దీపముల తెల్లనివెలుగున అలివేణి చేటలో బియ్యము చెరుగుచు కూర్చుండగా చిదంబరరావు మీసము మెలివేయుచు ప్రవేశించెను.

"బావా, ఆ మీసం సొంతమేనా?"

"మీసం సొంతమే మరదలా. దాన్ని మెలేసే రోషం మాత్రం పక్కింట్లో బదులు తెచ్చినా!"

జనము విరగబడి నవ్విరి. ముందువరుసలోని ముసలివారు తొడలు చరచుకొనిరి. స్త్రీలు కొంగులు నోళ్లకడ్డము పెట్టుకొనిరి. సమాజమువారికి బహుకాలమునకు ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. తెరచాటునుండి చూచుచున్న వకుళ మాత్రము చేటలో బియ్యము చెరుగుట మాని అలివేణి రెండుచేతులును ఒడిలో పెట్టుకొనియుండుట గమనించెను. పాఠమును మరచి ఆ పిల్ల నిజముగా వినుచుండెను.

రెండవ సాయంకాలమున జనము మరింత పెరిగెను. చుట్టుప్రక్కల పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చిరి. పందిటి వెలుపల గాలి లేని ఆకాశమున ఆ ఎర్రదుమ్ము అట్లే నిలిచి దీపముల వెలుగునకు రక్తవర్ణముగా కనబడుచుండెను. వరవిభ్రమము నడుమ అలివేణి నాయకుని నిలదీయు ఘట్టము వచ్చెను.

"లోపల అక్క ఉండాది కదా బావా. దానికేం చెప్తావు?"

అక్కకు చెప్పు ధైర్యమే యుండిన నీయొద్దకేల వచ్చెదనని అతడు బదులు చెప్పవలెను. చిదంబరరావు ఆ మాట చెప్పలేదు. ఒకయడుగు ముందునకు వేసి జనమువంక తిరిగెను.

"మీ అక్కకేం చెప్పేది? తిరిగి చెప్పడానికి దానికి నోరుంటే కదా! నోరు లేని పెండ్లాం దొరకాలంటే ఏడు జన్మల పుణ్యం చేయాల!"

పందిరి కూలినట్లు నవ్వు లేచెను. తెరవెనుకనున్న కుటుంబమువారందరును నిశ్చేష్టులైరి. అలివేణి నాటకములో లేని మాటకు బదులేమి చెప్పవలెనో తెలియక భయపడిన కన్నులతో తెరప్రక్కకు చూచెను. నవ్వు తగ్గుచుండెను. ఒక్క క్షణములో పందిరి చల్లబడును. అందింపవలసినది వకుళ పని.

"అయితే ఆ పుణ్యం నాక్కూడా రవ్వంత పంచు బావా" అని వకుళ నీడలోనుండి గుసగుసగా అందించెను.

అలివేణి ఆ మాటనే పలికెను. జనము మరల నవ్విరి. తన్ను పరిహసించిన మాటకు కొనసాగింపు తన నోటితోనే అందించిన వకుళ చీకటిలో గుంజను పట్టుకొని నిలిచెను.

ఇంటికి వచ్చిన పిమ్మట నూనెగుడ్డతో ముఖపురంగు తుడుచుకొనుచున్న భర్తయొద్దకు పోయి ఆమె అడిగెను.

"అంత మంది ముందర నన్ను అంటివే?"

"నిన్నెక్కడంటి? నవ్వు పడిపోతాంటే ఎత్తినా. అది మన్మథరావు అన్న మాట. రంగం మాట రంగం మీదే వదిలేయాలని నేను నీకు చెప్పాల్నా?" అని అతడు అద్దములోనే చూచుచు పలికి మజ్జిగ త్రాగి పెదవి తుడుచుకొనెను. "అలివేణి బాగా చేస్తాంది. అచ్చం నీ మాదిరే."

అతడది మెప్పుగానే అనియుండవచ్చును. వకుళకు మాత్రము ఆ మాట తన స్థానము మరొకరితో నిండిపోయినదని చెప్పినట్లు వినబడెను.

మూడవనాటి సాయంకాలము వరపలాయనమునకు పూర్వము వకుళ చెల్లెలికి పెండ్లికూతురి జడ వేయుచుండెను. మొగలిరేకులు కుట్టి సవరము చేర్చి జడగంటలు కట్టుచు మెల్లగా ననెను.

"ఈ పొద్దుతో అయిపోతుంది పాపా."

"అయిపోతే మళ్లా యాడ ఆడతారక్కా? వేరే ఊర్లో కూడా ఇవే ఆడతారా?"

"ఏం, అంత బాగుందా నీకు?"

"నవ్వుతాంటే బాగుంటాది."

"ఎవరు నవ్వుతాంటే?"

 జడ వేయుచున్న వకుళకు చెల్లెలి ముఖము కనబడలేదు గాని చెవితమ్మెలు ఎర్రబడుట కనబడెను. పుట్టువునుండి ఎత్తి పెంచిన బిడ్డ చెవులవి. జ్వరము వచ్చిననాడును దొంగతనముగా బెల్లము తిన్ననాడును వానిని చూచియే వకుళ కనిపెట్టెడిది. ఆమె జడకుచ్చు బిగించి లేచిపోయెను.

పెండ్లిఘట్టము వచ్చెను. రంగముమీద పీటలు వేసిరి. తుళజమ్మ అత్తపాత్రలో అక్షతల పళ్లెము పట్టుకొని నిలిచెను. బాసికము కట్టుకొని చిదంబరరావు వంకరచూపులు చూచుచుండగా జనము ఆ రూపము చూచియే నవ్వుచుండిరి. అలివేణి తలవంచుకొని వకుళ నిలిచిన తెరప్రక్కవైపు ముఖముగా కూర్చుండెను. పసుపుతాడు పైకి లేచెను. సన్నాయి మ్రోగెను. మొదటిముడి పడెను. రెండవముడి పడెను.

ఆ క్షణమున వకుళ కేక వేయవలెను. ఆ కేకకు ముందుండు ఊపిరి ఆమె రొమ్ములో నిండియుండెను. ఆ ఊపిరిని ఆమె విడువలేదు. తన మాట లేకున్నను అతని చేయి తనంత తాను ఆగునా అనునది చూడవలెననిపించెను. ఆగినచో ఇన్నిదినముల సంశయము అబద్ధము. ఆగకున్న సంశయము నిజము. ఒక్క ఊపిరిసేపు మాత్రమే. పెదవులు బిగించి ఆమె చూచెను.

చిదంబరరావు తల ఇంచుక ప్రక్కకు తిరిగెను. చేతులు ఆగలేదు. తాడు కొసలను పట్టిన ఆ చేతులు అలివేణి జడక్రింద మూడవమారు తిరిగెను.

అపుడు వకుళ కేక వేసెను. ఆగండను మాట రాలేదు. ఉచ్చులో పడిన జంతువు కంఠమునుండి వచ్చునట్టి ధ్వని ఏదియో వచ్చెను. జనము దానిని విని మునుపెన్నడును లేనంతగా నవ్విరి. చిదంబరరావు బాసికముతో గోడదూకెను. తెర పడినను చప్పట్లు ఆగలేదు.

తెరవెనుక నవ్వినవాడు చిదంబరరావొక్కడే. గోడదూకిన వేగముతోనే లోనికి వచ్చి "ఏందిమే, కేక అంత ఆలస్యమాయె? జనం చూస్తారని చేయి తిప్పుతా పోతి" అనుచు బాసికము విప్పుచు అందరి ముఖములు చూచి ఆగిపోయెను.

"మూడోమారు నీ చేయి తిరిగింది" అని తుళజమ్మ మెల్లగా ననెను. "నా కండ్లతో చూస్తి. ముడి వేస్తివా, లేదా?"

"ఏమోమ్మా. చేతులు ఏం చేసినాయో నాకే తెలీదు. కేక కోసం చూస్తాంటి."

భుజంగరావు కోడలివైపు తిరిగెను. ఆ వృద్ధుని ముఖమున కోపము లేదు. భయముండెను. "కేక ఎందుకు రాలేదమ్మా?"

"గొంతు పట్టింది మామా."

అందరును నమ్మిరి. నమ్మకుండుటకు కారణమేమి? అందరి జాలిచూపులును ఆమెమీద వ్రాలెను. అపుడు అలివేణి కన్నులెత్తి అక్కవంక చూచెను. పీటమీద కూర్చున్న ఆమె ముఖము తెరప్రక్కవైపే యుండినది. గొంతు పట్టినదాని పెదవులు ఎట్లుండునో ఊపిరి బిగబట్టినదాని పెదవులు ఎట్లుండునో ఎరిగిన ఆమె కేక రానపుడు కన్నులెత్తి చూచినది. ఒక్కమాట చెప్పిన చాలును. అలివేణి చెప్పలేదు. కన్నులు మరల దించుకొనెను.

"ఇప్పుడు ఎవరూ దాన్ని తాకొద్దు" అని తుళజమ్మ శాసించెను. "దీపం ముందర కట్టింది, పొద్దున దీపం పెట్టి విప్పాల. కట్టినోడు విప్పకూడదు. కట్టించుకున్నది విప్పకూడదు. పెండ్లాం చేతులు పెట్టాల. రెండే ఉంటే వకుళ విప్పుతుంది, అది ఆట. మూడుంటే అది పెండ్లి. మళ్లా ఎవరికీ విప్పే హక్కు లేదు."

తెల్లవారెను. రాత్రి ఎపుడో కదలిన గాలి ఆ ఎర్రదుమ్మును తెచ్చి ఇంటినిండ పరచెను. గడపలమీదను పెట్టెలమీదను నీళ్లకుండల మూతలమీదను అది పలుచగా నిలిచియుండెను. నడుమయింటిలో తుళజమ్మ దీపము వెలిగించెను. అలివేణి పెండ్లికూతురి వేషముతోనే గోడ ప్రక్కన నిటారుగా కూర్చుండియుండెను. నడుము వాల్చిన జాడ లేదు. జడలోని మొగలిరేకులలో ఒక్కటైనను నలుగలేదు. చిదంబరరావు ద్వారబంధమునకు చేరగిలి గోరు కొరుకుచుండెను.

వకుళ చెల్లెలి వెనుక నిలిచి జడను ప్రక్కకు తొలగించెను. మెడమీద చెమటకు పసుపు కరగి చారగా దిగియుండెను. మొదటిముడి గట్టిగా నుండెను. రెండవదియు అట్లే యుండెను. మూడవచోట వ్రేలు పెట్టబోయి వకుళ నిలిచిపోయెను.

అది ముడి కాదు. తాడు కొసను మెలిక త్రిప్పి లోపల దూర్చక ఊరక వదలినది. జనమునకు చేయి తిరిగినట్లు కనబడునే గాని మెలిక బిగియదు. బాల్యమునుండి కట్టుబాటు ఎరిగిన ఆ చేతులు తలపునకు తెలియకయే దానిని పాటించినవి. అతని చూపునందును చేతియందును మన్మథరావు తప్ప మరొకడు లేడు. ఇన్నిదినములును వకుళ తెలిసికొనగోరినది ఇది. ఇపుడు తెలిసెను.

అంతట ఆమెకు తాను అడుగనిది గూడ తెలిసెను. అట్టి మెలిక తల ప్రక్కకు త్రిప్పినను విడిపోవును. గోడకు తల ఆనించినను జారిపోవును. అది తెల్లవారువరకు నిలిచియున్నదన్న ఆ మెడ తెల్లవారువరకు కదలలేదన్నమాట. ఒక్కమారు తల విదిలించిన తీరిపోవు భారమును ఆ పిల్ల ప్రాణమువలె కాపాడుకొని కూర్చుండినది. అది మూడవముడియే కావలెనని ఎదురు చూచినది.

వకుళ అడుగుచో భర్తను అడిగియుండవచ్చును. చెల్లెలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగియుండవచ్చును. అడుగుటకు మారుగా ఆమె తన ఊపిరిని ఉరిగా పన్నెను. భర్తకొరకు పన్నిన ఆ ఉరిలో చెల్లెలు పడెను.

"ఏమ్మా? ఎన్ని?" అని తుళజమ్మ అడిగెను.

అలివేణి వెనుకకు తిరుగలేదు. ఆమె భుజములు మాత్రము ఊపిరి తీయుట మానినవి.

"రెండే అత్తా" అని వకుళ అనెను.

మెలిక తాకినంతనే ఊడెను. తక్కిన రెండును విప్పగా పసుపుతాడు ఆమె చేతిలోనికి వచ్చెను. తుళజమ్మ రెండుచేతులును దీపమునకు జోడించెను. భుజంగరావు స్తంభమునకు చేరగిలి కూలబడెను.

"నేను చెప్పలా? మన చేయి తప్పు చేస్తుందా?" అనుచు చిదంబరరావు పెద్దగా నవ్వి ఒడలు విరుచుకొనెను. "అబ్బా, రాత్రంతా కన్ను మూయలేదు. ఎవరైనా ఒక లోటా కాఫీ ఇయ్యండమ్మా. అలివేణీ, నువ్వు కూడా పోయి మొహం కడుక్కో. దయ్యం పట్టినదాని మాదిరి ఉండావు."

"అవునే పాపా, లే" అని తుళజమ్మ ఆప్యాయముగా ననెను. "సాయంత్రం మళ్లా మొదటి నాటకం ఆడాలంటాండారు ఊరి పెద్దలు. జనం నిన్నే అడుగుతాండారంట."

అలివేణి లేచెను. పెరటిలోనికి పోయి ముఖము కడుగుకొనెను. అర్దళపు పచ్చదనము నీళ్లతో కాలువలో కలిసిపోయెను. జడలోని మొగలిరేకులు ఒక్కొక్కటే తీసి గిలకబావి గట్టున పేర్చెను. పెట్టెలోనుండి తన నిత్యపు నూలుచీర తీసి కట్టుకొని పట్టుచీర మడిచి పెట్టెమీద ఉంచెను. ఆ పనులన్నియు ఆమె రంగముమీద కూడ ఎన్నడును చేయనంత నెమ్మదిగా చేసెను. నడుమయింటిలో కాఫీ మరగుచుండెను. రాబోవు ప్రదర్శనమున కేక ఎవరు వేయవలెనను మాట నడుచుచుండెను. ఎవరును ఆమెను చూడలేదు.

చూచినది వకుళ యొక్కతెయే. వాకిటిగడప దాటునపుడు అలివేణి ఒకమారు అక్క ముఖమున చూచెను. ఆ చూపున నింద లేదు. నింద యుండినచో వకుళ కాళ్లమీద పడియైనను పట్టుకొనగలిగెడిది. నిలుమని పిలిచిన ఎందుకని ఇంటనున్నవారు అడుగుదురు. అడిగిన నిన్నటి ఊపిరి సంగతి చెప్పవలెను. వకుళ ద్వారబంధముమీద చేయి పెట్టుకొని నిలిచినచోటనే నిలిచెను.

అలివేణి వీథిలోనికి దిగెను. ఏటివైపు పోక ఊరు విడిచిపోవు బాటవైపు తిరిగెను. అరుగులమీద పండ్లు తోముకొనుచున్నవారు ఆమెను గుర్తుపట్టిరి. ఒకడు నోటిలోని వేపపుల్ల తీసి "ఏం పెండ్లికూతురా, మొగుడు గోడ దూకి యాడికి పోయినాడు?" అని కేక వేసెను. నీళ్లకు పోవు స్త్రీలు బిందెలు దించి నవ్విరి. ముందటి యింటివారు నవ్విరి. ఆ నవ్వు యింటినుండి యింటికి అందుకొనబడుచు ఆమె వెంట వీథి చివరివరకు పోయెను.